కోళ్ల తెగులు పందులకు అంటిందా?

ప్రశ్న: మాది రాజోలు వైపు ఒక లంక గ్రామం. పెరట్లో అరవై దాకా నాటు కోళ్లు, నాలుగు పందెం పుంజులు, కొబ్బరితోట చివర పాకలో తొమ్మిది పందులు ఉన్నాయి. సంక్రాంతికి బరికి తీసుకెళ్లిన పుంజు ఒకటి ఇంటికి వచ్చిన వారానికి కోళ్లు తూగడం మొదలుపెట్టాయి. ఆకుపచ్చ, తెలుపు కలిసిన నీళ్ల రెట్ట, నోరు తెరిచి గురక, కొన్నింటికి మెడ వంకర. నాలుగు రోజుల్లో ఇరవై మూడు పోయాయి. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి నీళ్లలో కలిపి పెట్టినా గుణం కనిపించలేదు. చచ్చినవాటిలో కొన్ని పందులకు వేశాం, కొన్ని పంట కాలువలో వదిలేశాం. ఇప్పుడు ఒక ఆడపంది మేత ముట్టడం లేదు. చెవులు, పొట్ట ఎర్రబడ్డాయి. పందులకు తవుడు, పట్నం హోటళ్ల మిగుళ్లు పెడతాం. కోళ్ల తెగులే పందులకు అంటిందని, మిగిలినవాటిని వెంటనే అమ్మేయమని ఊళ్లో అంటున్నారు. అమ్మవచ్చా? కోసుకుని తినవచ్చా? ఇంతవరకు దేనికీ టీకాలు వేయించలేదు. మళ్లీ పిల్లలను ఎప్పుడు తెచ్చుకోవచ్చు?

సమాధానం: మీ ప్రశ్నలన్నింటికీ జవాబు చెబుతాను గాని, ఈ రోజే చేయవలసిన పని ఒకటి ఉంది. బతికున్న కోళ్లలో గాని పందులలో గాని ఒక్కదాన్ని కూడా అమ్మకండి, కోయకండి, బంధువులకు ఇవ్వకండి. మీ మండల పశువైద్యశాలకు గాని, గ్రామంలోని రైతు సేవా కేంద్రానికి గాని, ఆ రెండూ అందకపోతే 1962 నంబరుకు గాని ఫోన్ చేసి, కోళ్లు మూకుమ్మడిగా చచ్చిపోతున్నాయని, పందికి చెవులు ఎర్రబడి మేత మానేసిందని రెండు విషయాలూ కలిపి చెప్పండి. ఒక్కటే చెబితే డాక్టరుగారు ఆ ఒక్కదానికి తగిన సరంజామాతోనే వస్తారు. మీ ఇంట్లో ఇప్పుడు రెండు వేర్వేరు అనుమానాలు ఉన్నాయి; రెండూ ప్రయోగశాలలో తేలవలసినవే.

ఊళ్లో అంటున్నట్లు కోళ్లకు వచ్చిన జబ్బే పందికి వచ్చి ఉంటుందని నేను అనుకోవడం లేదు. కోళ్లను తుడిచిపెట్టే కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ వ్యాధి, పక్షుల జబ్బు. పందులను తుడిచిపెట్టే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్, హాగ్ కాలరా అని పాతవారు పిలిచే క్లాసికల్ స్వైన్ ఫీవర్, ఈ రెండూ పంది జాతికే పరిమితమైనవి. కోడి వాటి బారిన పడదు. అయితే మీ ఊరివారి భయం పూర్తిగా ఆధారం లేనిది కూడా కాదు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ల విషయంలో పందికి ఒక ప్రత్యేకత ఉంది: పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ దాని ఒంట్లో చేరగలవు, అక్కడ ఒకదానితో ఒకటి కలిసి కొత్త రూపం తీసుకోగలవు. అందుకే చచ్చిన కోళ్లను పందులకు వేశామన్న మీ వాక్యం నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది. ఆ పని ఇక ఎన్నడూ చేయవద్దు. ఎన్ని రోజుల కిందట, ఏ పందులకు వేశారో డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. పందికి ఫ్లూ సోకితే సాధారణంగా ఒక్కదానికే చెవులు ఎర్రబడడం కాకుండా, పాకలోని పందులన్నీ దాదాపు ఒకేసారి దగ్గుతూ, ముక్కు కారుతూ, కదలకుండా పడుకుంటాయి. మీరు రాసిన లక్షణాలు అలా లేవు.

ఒక లక్షణాన్ని పట్టుకుని జబ్బుకు పేరు పెట్టడం చాలామంది రైతులు చేసే పని. ఆకుపచ్చ రెట్ట కనిపించగానే కొక్కెర అనేస్తారు. కాని ఏ కారణం చేతనైనా రెండు రోజులు మేత మానేసిన కోడి రెట్ట పచ్చగానే వస్తుంది. పేరు కంటే ముందు చూడవలసింది తెగులు నడిచిన తీరు. ఏ వయసు కోళ్లకు వచ్చింది, మొదట ఏది పడింది, మొదటి చావుకీ పదో చావుకీ మధ్య ఎన్ని రోజులు గడిచాయి, అంతకు ముందు రెండు మూడు వారాల్లో బయటి నుంచి ఏ కోడి, ఏ మేత, ఏ మనిషి వచ్చారు, ఏ టీకా ఎప్పుడు వేశారు అనే వివరాలు ఒక నోటు పుస్తకంలో తేదీల వారీగా రాసి ఉంటే, డాక్టరుకు సగం రోగనిర్ధారణ అందులోనే దొరుకుతుంది. మీ ఉత్తరంలోనే అలాంటి ఆధారం ఒకటి ఉంది. బరి నుంచి వచ్చిన పుంజు ఇంట్లో కాలు పెట్టిన వారానికి తెగులు మొదలైంది. రాణిఖేత్ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి 2 నుంచి 15 రోజులు, ఎక్కువగా 5, 6 రోజులు పడుతుంది. ఎన్నో ఊళ్ల పుంజులు ఒకచోట చేరి, రక్తం, చొంగ, రెట్ట కలిసిన బరి నుంచి ఈ వైరస్ ఇంటికి రావడంలో వింత ఏమీ లేదు. పుంజు పైకి ఆరోగ్యంగా ఉన్నా దాని గంప, కాళ్లకు అంటిన మట్టి, తీసుకెళ్లిన మనిషి బట్టలు వైరస్‌ను మోసుకురాగలవు.

టీకా లేని కోళ్లలో కొక్కెర ఎలా నడుస్తుందో వివరంగా చెబుతాను, ఎందుకంటే డెల్టా పెరళ్లలో ఎక్కువ కోళ్లను తినేస్తున్నది ఇదే. మొదటి రోజు రెండు మూడు కోళ్లు రెక్కలు జారవేసి, ఈకలు పొంగించుకుని, ముడుచుకుని కూర్చుంటాయి. తర్వాత మెడ చాచి, నోరు తెరిచి, గాలి కోసం తంటాలు పడుతూ గురకలాంటి శబ్దం చేస్తాయి. నీళ్ల రెట్ట ఈకలకు అంటుకుంటుంది. గుడ్లు పెట్టే పెట్టలు ఒక్కసారిగా గుడ్లు మానేస్తాయి, లేదా పెంకు లేని తోలు గుడ్లు పెడతాయి. ఈ దశ దాటి బతికినవాటికి కాళ్లు, రెక్కలు చచ్చుబడతాయి. మెడ మెలి తిరుగుతుంది. గింజను పొడవబోతే ముక్కు పక్కకు పోతుంది. టీకా లేని మందలో వందకు తొంభై పోయినా ఆశ్చర్యపోనవసరం లేదు. చచ్చిన కోడిని డాక్టరు కోసి చూసినప్పుడు కందనకాయకు పైనుండే గ్రంథుల జీర్ణాశయంలో రక్తపు చుక్కలు కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ఆ కోసి చూసే పని మాత్రం మీరు ఇంట్లో చేయకండి.

ఎందుకు వద్దంటున్నానంటే, నేను పైన చెప్పిన లక్షణాలు దాదాపు అన్నీ బర్డ్ ఫ్లూలోనూ ఉండవచ్చు. మెడ తిరగడం, పచ్చటి రెట్ట, గురక, గుడ్లు పడిపోవడం రెండింటిలోనూ ఉంటాయి. జుట్టు, తమ్మెలు ఉబ్బి నీలంగా మారడం, కాళ్ల మీద ఈకలు లేని చోట చర్మం కింద రక్తపు మచ్చలు, ఏ లక్షణమూ లేకుండానే రాత్రి బాగున్న కోళ్లు తెల్లవారేసరికి కుప్పలుగా చచ్చి ఉండడం బర్డ్ ఫ్లూ వైపు ఎక్కువ మొగ్గు చూపుతాయి గాని, కంటితో తేల్చి చెప్పగలిగినవారు ఎవరూ లేరు. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులోను, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోను కోళ్ల ఫారాల్లో మరణాలు మొదలైనప్పుడు కూడా నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు వెళ్లి, హెచ్5ఎన్1 అని నివేదిక వచ్చాకే అది బర్డ్ ఫ్లూ అని రూఢి అయింది. మన డెల్టాలో కోత కోసిన చేలల్లో మేపే బాతుల మందలు, చెరువుల మీద వాలే వలస పక్షులు ఈ వైరస్‌ను జబ్బు పడకుండానే మోయగలవు. మీ కోళ్లు పంట కాలువ గట్టున బాతులతో కలిసి తిరుగుతున్నాయా అన్నది కూడా డాక్టరుగారికి చెప్పవలసిన విషయమే.

పెద్ద కోళ్లు మూకుమ్మడిగా పోవడానికి ఫౌల్ కాలరా మరో కారణం. ఇది బాక్టీరియా వల్ల వస్తుంది, సరైన యాంటీబయాటిక్ సకాలంలో పడితే లొంగుతుంది. ఇక మీ ప్రాంతంలో కనిపించే మిగతా జబ్బులను వయసును బట్టి గుర్తుపట్టడం మేలు. మూడు నుంచి ఆరు వారాల పిల్లలు హఠాత్తుగా నీరసించి, మలద్వారాన్ని పొడుచుకుంటూ, వారం రోజుల పాటు చనిపోయి, ఆ తర్వాత చావులు వాటంతటవే తగ్గితే గంబోరో అనుకోవాలి. బతికిన పిల్లల్లో రోగనిరోధక శక్తి దెబ్బతింటుంది కాబట్టి తర్వాత వేసిన టీకాలు సరిగా పట్టవు. అదే వయసు పిల్లల రెట్టలో రక్తం కనిపించి, గూడు నేల తడిగా ఉంటే రక్త పారుడు, అంటే కాక్సిడియోసిస్. వర్షాకాలంలో ఊక తడిస్తే ఇది తప్పదు. మందుతో పాటు ఆ తడి ఊకను తీసేయకపోతే ప్రయోజనం ఉండదు. జుట్టు మీద, కంటి చుట్టూ పొక్కులు లేస్తే మశూచి. దోమలు దీన్ని మోస్తాయి కాబట్టి కాలువలు, బోదెలు ఉన్న ఊళ్లలో ఎక్కువ. ముఖం ఒకవైపు వాచి, ముక్కు నుంచి దుర్వాసనతో చీమిడి కారితే కొరైజా. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడిపోయిన ఎదిగే కోడికి మారెక్స్ అయి ఉండవచ్చు. దీనికి పొదిగిన మొదటి రోజే హేచరీలో టీకా పడాలి, తర్వాత వేసి లాభం లేదు.

ఊపిరితిత్తుల జబ్బులను పట్టుకోవడానికి రాత్రి పూట దీపం లేకుండా గూడు దగ్గర కొంచెంసేపు నిలబడి వినండి. పగలు కోళ్ల అరుపుల్లో కలిసిపోయే గురగుర శబ్దం రాత్రి నిశ్శబ్దంలో స్పష్టంగా తెలుస్తుంది, చావులు మొదలయ్యేకంటే ముందే తెలుస్తుంది. ఫారాల్లో పనిచేసే అనుభవజ్ఞులైన కూలీలు ఇది రోజూ చేస్తారు.

ఇప్పుడు పంది సంగతి. చెవులు, పొట్ట ఎర్రబడడం ఒక్క జబ్బుకు గుర్తు కాదు. ముందుగా పందిని తరమకుండా, నీడలో నిలకడగా ఉన్నప్పుడు మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్న పంది ఒంటి వేడి 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. 105 దాటితే అది జ్వరం. పందికి మనలా చెమట పట్టదు కాబట్టి మే నెల మధ్యాహ్నం వడదెబ్బకు కూడా ఒళ్లు ఎర్రబడి వేడెక్కుతుంది గాని, ఈ మాఘ మాసపు చలిలో మీ పందికి అది కారణం కాదు.

చర్మం మీద చేయి పెట్టి తడిమి చూడండి. పేకముక్కల్లోని డైమను గుర్తు ఆకారంలో, చర్మం కంటే కాస్త ఎత్తుగా, ఎర్రటి దద్దుర్లు చేతికి తగిలితే అది ఎరిసిపెలాస్ అనే బాక్టీరియా జబ్బు కావచ్చు. నిజానికి మీ పందికి అదే అయి ఉండాలని కోరుకుంటున్నాను, ఎందుకంటే పెన్సిలిన్‌తో ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటుంది. దద్దుర్లు లేకుండా ఎరుపు చదునుగా పాకి, క్రమంగా ఊదా రంగుకు తిరిగి, చెవుల కొసలు, ముట్టె, తోక, కాళ్లు, పొట్ట కింద వ్యాపిస్తే స్వైన్ ఫీవర్‌లు రెండింటినీ అనుమానించాలి. క్లాసికల్ స్వైన్ ఫీవర్‌లో పందులు చలి వేసినట్లు ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి, కళ్లు పుసులతో అతుక్కుపోతాయి, మొదట మలబద్ధకం, తర్వాత విరేచనాలు, నడిస్తే వెనుక భాగం తూలడం కనిపిస్తాయి. దీనికి మంచి టీకా ఉంది, మీరు వేయించలేదు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌లో జ్వరం ఇంకా తీవ్రంగా ఉంటుంది, వాంతులు, రక్త విరేచనాలు రావచ్చు, చూలుతో ఉన్నవి ఈసుకుపోతాయి, చిన్నా పెద్దా తేడా లేకుండా వారం పది రోజుల్లో చాలావరకు చనిపోతాయి. దీనికి చికిత్స లేదు. మన దేశంలో రైతులు వేయించుకోగల టీకా కూడా లేదు. 1921లో కెన్యాలో మొదటిసారి వివరించిన ఈ జబ్బు 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌ల మీదుగా మన దేశంలో బయటపడింది.

దీని గురించి ఒక మాట నొక్కి చెప్పాలి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ గాలిలో దూరాలు పోయే జబ్బు కాదు. రోగి పంది రక్తం, చొంగ, మాంసం, వాటితో మలినమైన బట్టలు, బండ్లు, కత్తుల ద్వారా పాకుతుంది. అందుకే మొదట ఒకటి రెండు పందులు పోయి, కొన్ని రోజులు ఆగి, తర్వాత మిగతావి పడతాయి. ఆ మధ్యలో వచ్చే విరామం చూసి రైతులు గండం గడిచిందనుకుని మిగిలినవాటిని సంతకు తోలుతారు. వైరస్ ఊరు దాటేది అప్పుడే. హోటల్ మిగుళ్లలో పంది మాంసపు ముక్క ఒక్కటి ఉన్నా చాలు, జబ్బు మీ పాకలోకి వచ్చేస్తుంది, ఎందుకంటే సరిగా ఉడకని మాంసంలో, శీతల గిడ్డంగిలోని మాంసంలో ఈ వైరస్ నెలల తరబడి బతుకుతుంది. నా అభిప్రాయం అడిగితే బయటి మిగుళ్లు పూర్తిగా మానేయాలి. మానలేని పరిస్థితి ఉంటే, కలియబెడుతూ అరగంట పాటు తెర్లేలా మరిగించి, చల్లార్చి పెట్టాలి. ఈ జబ్బు మనుషులకు రాదు. ఆ భయం మీకు అక్కరలేదు.

మనుషులకు సంబంధించి పందుల విషయంలో మీరు జాగ్రత్తపడవలసినవి వేరే ఉన్నాయి. వరి చేలల్లో పెరిగే క్యూలెక్స్ దోమలు, కొంగలు, పందులు మూడూ ఒకచోట ఉన్న డెల్టాలో జపనీస్ మెదడువాపు వైరస్ పందిలో వృద్ధి చెంది, దోమ ద్వారా మనుషులకు చేరగలదు. పంది మామూలుగా జబ్బుపడదు. చూలు పందులు చచ్చిన పిల్లలను, ఎండిపోయిన పిండాలను ఈనడమే దాని జాడ. పాక ఇంటికి దూరంగా తోట చివర ఉండడం మంచిదే. ఆ దూరాన్ని అలాగే ఉంచండి. పందులను ఊరి మీదికి వదలకుండా కట్టడిలో ఉంచడానికి మరో కారణం బద్దెపురుగు. మనుషుల మలం తిన్న పంది కండరాల్లో బియ్యపు గింజంత బుడగలు ఏర్పడతాయి. ఆ మాంసం సరిగా ఉడకకుండా తిన్న మనిషి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారానో కూరగాయల ద్వారానో మనిషి నోట్లోకి వెళ్తే మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛలు వస్తాయి.

చచ్చినవాటిని కాలువలో వేయడం గురించి కఠినంగా రాయక తప్పడం లేదు. మీరు వదిలిన కోడి దిగువ ఊళ్ల కోళ్లకు, బాతులకు, తాగునీటి చెరువులకు చేరుతుంది. ఆ నీటిలో పళ్లేలు కడుక్కునేవారు, పిల్లలను ఈత కొట్టించేవారు ఉన్నారు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం ఇటువంటి జబ్బులను అధికారులకు తెలియజేయడాన్ని యజమాని బాధ్యతగా పెట్టింది; రోగంతో చచ్చిన కళేబరాన్ని నదిలోను, కాలువలోను వేయడాన్ని నేరంగా పేర్కొంది. లంక నేలలో కొద్ది లోతుకే నీరు ఊరుతుంది కాబట్టి గొయ్యికి మెరక చోటు, బావికి, కాలువకు దూరంగా ఉన్న చోటు ఎంచుకోవాలి. అడుగున సున్నం, పైన సున్నం వేసి, కుక్కలు తవ్వకుండా మట్టి గట్టిగా తొక్కాలి. నీరు మరీ పైకి ఉంటే కోళ్లను ఎండు కొబ్బరి మట్టలతో పూర్తిగా కాల్చివేయవచ్చు. అయితే డాక్టరుగారు వచ్చేదాకా తాజాగా చచ్చిన రెండు కోళ్లను రెండు పాలిథిన్ సంచుల్లో కట్టి ఐసు మధ్య ఉంచండి. ఫ్రీజరులో గడ్డ కట్టించవద్దు, వంటింటి ఫ్రిజ్‌లో అసలే పెట్టవద్దు. చేతులకు తొడుగులు, ముక్కుకు, నోటికి మాస్కు ఉండాలి. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి.

తినవచ్చా అని అడిగారు. తినవద్దు. కూర బాగా ఉడికితే వైరస్ చస్తుంది, అది నిజమే. ప్రమాదం కూర తినడంలో కంటే జబ్బు కోడిని పట్టుకోవడం, కోయడం, ఈకలు పీకడం, పేగులు తీయడంలో ఎక్కువ. 2025లో మన రాష్ట్రంలోనే ఒక పసిబిడ్డ హెచ్5ఎన్1 సోకి మరణించింది. కోళ్లను ముట్టుకున్న మీ ఇంటివారిలో ఎవరికైనా వారం పది రోజుల్లోపు జ్వరం, దగ్గు, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లి, మా ఇంట్లో కోళ్లు చచ్చాయని మొదటి మాటగా చెప్పండి.

యాంటీబయాటిక్ పొడి పనిచేయకపోవడానికి కారణం మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది: వైరస్ మీద దానికి శక్తి లేదు. నష్టం అక్కడితో ఆగదు. మందు మీద నమ్మకంతో నాలుగు రోజులు ఎదురుచూశారు, ఆ నాలుగు రోజుల్లో తెగులు మందంతా పాకింది. ఇప్పుడు కంగారుపడి ఎవరైనా చెప్పారని ఆర్‌టూబీ, అంటే రాణిఖేత్‌కు సూదితో వేసే టీకా, వేయించకండి. వైరస్ ఇప్పటికే చేరిన కోళ్లకు ఆ సూది వేస్తే చావులు పెరుగుతాయి, సూది ఒకదాని రక్తాన్ని మరోదానికి ఎక్కిస్తుంది.

సమాచారం ఇస్తే అధికారులు అన్నింటినీ చంపేస్తారేమోనన్న జంకు మీ ఉత్తరంలో మీరు రాయకపోయినా ఉండే ఉంటుంది, అది సహజం. రాణిఖేత్ అయితే అలాంటిదేమీ ఉండదు. బర్డ్ ఫ్లూ గాని ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ గాని రూఢి అయితే చుట్టూ కిలోమీటరు పరిధిలో చంపక తప్పదు, 10 కిలోమీటర్ల దాకా నిఘా ఉంటుంది. అయితే ప్రభుత్వ ఆదేశంతో చంపినవాటికి పరిహారం ఉంది. తెగులుతో అప్పటికే చచ్చినవాటికి లేదు. ముందుగా చెప్పిన రైతుకే ఎక్కువ మిగులుతుంది.

మళ్లీ పిల్లలను తేవడం గురించి: ప్రయోగశాల నివేదిక రాణిఖేత్ అని వస్తే, చివరి కోడి చచ్చిన రోజు నుంచి కనీసం నెల రోజులు గూడు ఖాళీగా ఉంచి, పాత ఊక తీసి కాల్చి, నేల గీకి, కడిగి, ఆరాక సున్నం కొట్టి, గంపలు, నీళ్ల తొట్లు ఎండలో పెట్టండి. బర్డ్ ఫ్లూ గాని ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ గాని అని తేలితే పశుసంవర్ధక శాఖ అనుమతి ఇచ్చేదాకా కొత్తవి తేకూడదు. తెచ్చిన పిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా అనే రాణిఖేత్ చుక్కల టీకా ఒక చుక్క కంట్లో గాని ముక్కులో గాని, 14వ రోజు దరిదాపుల్లో గంబోరో, నాలుగు వారాలకు మళ్లీ లసోటా, ఆరేడు వారాలకు మశూచి టీకా, ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఆర్‌టూబీ వేయించండి. టీకా సీసా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలోనే ఉండాలి. రాజోలులో కొని చొక్కా జేబులో వేసుకుని ఎండలో వస్తే ఇంటికి చేరేది టీకా కాదు, ఉత్త నీళ్లు. ఐసు వేసిన ఫ్లాస్కులో తెచ్చి, చల్లటి వేళ కలిపి, రెండు గంటల్లోపు వాడేయాలి. ఒక సీసాలో వంద మోతాదులు ఉంటే మీ వీధిలోని నాలుగిళ్ల వాళ్లూ ఒకే రోజు వేయించుకుంటే ఖర్చు కలిసివస్తుంది, తెగులు ఇంటి నుంచి ఇంటికి దూకే దారీ మూసుకుంటుంది. వచ్చే సంక్రాంతికి పుంజు ఊరు దాటి వెళ్లివస్తే దాన్ని రెండు మూడు వారాలు వేరే చోట కట్టి, దాని మేత, నీళ్లు మిగతావాటి తర్వాతే చూడండి. కొత్తగా కొన్న పందినైతే నెల రోజులు అలాగే ఉంచాలి.